ఇంటి పని షీటులో – రెండో పాఠం: మొదటి షీట్, మొదటి కాలమ్

గత పాఠంలో స్మార్ట్‌షీట్‌లో, అంటే పనులూ తేదీలూ లెక్కలూ రాసుకునే ఆన్‌లైన్ షీట్‌లో, అకౌంట్ తెరిచి, ఏ బటన్ ఎక్కడుందో చూసి వదిలేశాం. ఇవాళ షీట్ మొదలుపెడదాం. ఉదాహరణకు మా బావ ఇల్లే తీసుకుంటున్నాను. ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఇల్లు వరంగల్ దగ్గరి హసన్‌పర్తిలో లేస్తోంది, రోజూ రాత్రి ఫోన్లో లెక్క చెప్పాల్సింది నేను.

'క్రియేట్' నొక్కితే గ్రిడ్, ప్రాజెక్ట్, ఇంకొన్ని రకాలు కనిపిస్తాయి. పేరు చూసి ప్రాజెక్ట్ మీదికి పోకండి, అది తర్వాతి పాఠం. గ్రిడ్ తీసుకుని 'హసన్‌పర్తి ఇల్లు' లాంటి పేరు పెట్టండి. ప్రైమరీ కాలమ్, కాలమ్2, కాలమ్3 అంటూ ఖాళీ గళ్లు తెరుచుకుంటాయి. మెనూలు తెలుగులో లేకపోయినా గళ్లలో తెలుగు హాయిగా టైప్ చేసుకోవచ్చు.

ఎక్సెల్ అలవాటున్నవాళ్లకు ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది. పై వరుసలో గళ్లన్నీ కలిపేసి, మధ్యలో 'శ్రీ' రాసి, దాని కింద 'ఇంటి ఖర్చుల వివరాలు' అని పెద్దక్షరాలతో పెట్టబుద్ధవుతుంది. ఇందులో గళ్లు కలపడం కుదరదు. హెడ్డింగుల కోసం వరుస ఖర్చు పెట్టాల్సిన పని కూడా లేదు, ప్రతి కాలమ్‌కీ దాని పేరు నెత్తిమీదే ఉంటుంది. పేరు మీద రెండుసార్లు నొక్కి మార్చుకోవచ్చు. 'శ్రీ' రాయనిదే మనసు ఒప్పుకోకపోతే షీట్ పేరుకు ముందు రాసుకోండి. మా అమ్మ కోసం నేను అదే చేశాను.

ఎడమ చివర ఉన్నది ప్రైమరీ కాలమ్. దీన్ని తీసేయలేం, తేదీల కాలమ్‌గానో టిక్కుల కాలమ్‌గానో మార్చలేం. ఈ వరుస దేని గురించి అని అడిగితే జవాబు ఇక్కడ ఉండాలి. నేను మొదట ఇందులో మేస్త్రి, కరెంటాయన, ప్లంబర్ అని మనుషుల పేర్లు రాశాను. నాలుగు రోజులకు 'మేస్త్రి' అనే వరుసలు తొమ్మిదయ్యాయి, ఏది ఏ పనో నాకే అర్థం కాలేదు. పని పేరు ప్రైమరీలో రాయండి, మనిషి పేరుకు పక్కన ఇంకో కాలమ్ పెట్టండి.

ఆ పక్క కాలమ్‌కి 'కాంటాక్ట్' అనే రకం ఉంది కానీ అది ఈమెయిల్ ఉన్నవాళ్లకే పనికొస్తుంది. మా మేస్త్రికి వాట్సాప్ ఉంది, ఈమెయిల్ లేదు. అందుకని డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే తెరుచుకునే పేర్ల జాబితా, పెట్టి నలుగురి పేర్లూ అందులో వేశాను. చేత్తో టైప్ చేస్తే ఒకసారి 'మేస్త్రి', ఒకసారి 'మేస్త్రీ' అని పడుతుంది, తర్వాత వెతికితే సగమే దొరుకుతాయి. డబ్బుల కాలమ్‌లో '40 వేలు' అని రాయకండి, కూడికలోకి రాదు. 40000 అని అంకె మాత్రమే వేయండి.

తేదీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, నేను దెబ్బ తిన్నది ఇక్కడే. స్లాబ్ జూన్ 5న అనుకున్నాం. నేను 05/06 అని కొట్టేసి నిద్రపోయాను. మే నెల మధ్యలో బావ ఫోన్. "ఏంది బామ్మర్దీ, స్లాబ్ పడి పది రోజులైందట, ఒక్క ఫొటో అన్నా పంపవా?" ఇక్కడ చూస్తే సెంట్రింగ్ కర్రలు కూడా దిగలేదు. సంగతేమిటంటే నా అకౌంట్ అమెరికా పద్ధతిలో ఉంది, వాళ్లకు నెల ముందు, తేదీ తర్వాత. నేను రాసిన జూన్ 5 దానికి మే 6 అయి కూర్చుంది. పన్నెండో తారీకు దాటితే తేడా ఇట్టే తెలిసిపోతుంది, పన్నెండు లోపు తేదీలే ఇలా చప్పుడు లేకుండా ముంచుతాయి. అకౌంట్ సెట్టింగుల్లో ప్రాంతం ఎంచుకునే చోట తేదీ ముందు వచ్చే పద్ధతికి మార్చుకోండి. లేదా గడిలో ఉన్న చిన్న క్యాలెండర్ తెరిచి రోజు మీద నొక్కండి, టెన్షన్ ఉండదు.

కాలమ్ రకం 'డేట్' అని పెట్టేటప్పుడు, తేదీలు తప్ప వేరేవి రానివ్వొద్దు అనే టిక్కు ఒకటి ఉంటుంది. అది పెట్టండి. లేకపోతే ఎవరో ఒకరు 'అమావాస్య పోయినంక' అని రాస్తారు. మనకు అర్థమవుతుంది, క్యాలెండర్‌కి కాదు.

ఇప్పుడు వరుసలు. ప్రైమరీలో పునాది, గోడలు, స్లాబ్, ప్లాస్టరింగ్ అని నాలుగు రాయండి. స్లాబ్ కింద ఖాళీ వరుసలు చేర్చి సెంట్రింగ్ కొట్టడం, ఇనుము కట్టడం, కరెంటు పైపులు వేయడం, కాంక్రీటు పోయడం, నీళ్లు కట్టడం, సెంట్రింగ్ విప్పడం అని వేయండి. ఈ ఆరింటినీ కలిపి ఎంచుకుని, కంట్రోల్ పట్టుకుని ] నొక్కండి. ఆరూ ఒక అడుగు లోపలికి జరిగి స్లాబ్‌కి పిల్లలవుతాయి. వెనక్కి రావాలంటే కంట్రోల్‌తో [. స్లాబ్ పక్కన వచ్చిన చిన్న గుర్తు నొక్కితే పిల్లలు ముడుచుకుంటాయి. బావకు నాలుగు వరుసలు చాలు, నాకు ఆరూ కావాలి.

కరెంటు పైపులకు వేరే వరుస ఎందుకంటే, అవి కాంక్రీటుకు ముందే పడాలి. మర్చిపోతే స్లాబ్ చెక్కాల్సిందే. నీళ్లు కట్టడం కూడా పనే, కూలీ లేదని వదిలేయకండి. స్లాబ్ మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలుపుతారు చూడండి, దానికి మొదలు తేదీ, చివరి తేదీ రెండూ వేయండి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పీపీసీ రకానికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదని మన దేశంలో కాంక్రీటు పనికి పాటించే ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. మా మేస్త్రి పదిహేను అన్నాడు, నేను పదిహేనే వేశాను.

ఒక్క జాగ్రత్త. స్లాబ్ వరుసను డిలీట్ చేస్తే కింద ఉన్న ఆరూ దాంతోపాటే పోతాయి. పొరపాటున పోతే సేవ్ కాకముందే కంట్రోల్ జెడ్.

వరుస ఎడమ అంచున పేపర్ క్లిప్ గుర్తు ఉంటుంది. ఇనుము బిల్లు ఫొటో తీసి ఇనుము వరుసకే తగిలించండి, ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య వెతుక్కునే బాధ తప్పుతుంది.

వచ్చే పాఠానికి ముందు మీ పని ఏదైనా సరే, పదిహేను వరుసలు రాసి, మొదలు, ముగింపు అని రెండు తేదీ కాలమ్‌లు నింపి ఉంచండి. వాటినే గాంట్ చార్ట్‌గా, అంటే ఏ పని ఎప్పటి నుంచి ఎప్పటిదాకానో అడ్డపట్టీలతో చూపే బొమ్మగా, మారుద్దాం. అందులో రోజుల లెక్క మొదట సోమవారం నుంచి శుక్రవారం దాకానే ఉంటుంది. స్లాబ్ మీది నీళ్లకు ఆదివారం సెలవు లేదు కాబట్టి ముందు ఆ సెట్టింగ్ మార్చడంతోనే మొదలుపెడదాం.