బీపీ ఉన్నవాళ్లకు బిగింపు వ్యాయామం: 3వ పాఠం – గోడకుర్చీ

బిగింపు వ్యాయామమంటే కదలకుండా కండరాన్ని కాసేపు బిగించి పట్టి ఉంచడం. పోయిన పాఠంలో పిడికిలి బిగింపు నేర్చుకున్నాం. ఈసారి తొడల వంతు. చిన్నప్పుడు బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీయే ఇది. కాకపోతే అప్పట్లా తొడలు నేలకు సమానంగా వచ్చేదాకా దిగక్కర్లేదు.

బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లు "నడక చాలదా?" అంటారు. నడక మానొద్దు. అయితే 270 ప్రయోగాలను కలిపి చూసి 2023లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, నడక, పరుగు లాంటి వాటితో పై బీపీ సగటున 4.5 పాయింట్లు తగ్గితే, బిగింపు వ్యాయామాలతో 8 దాకా తగ్గింది.

బిగించినంతసేపూ మాత్రం బీపీ పెరుగుతుంది, ఇది మర్చిపోకండి. బిగుసుకున్న కండరంలో రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం చాలని కండరం మెదడుకు కబురంపుతుంది, గుండె వేగం పెంచుతుంది. ఏళ్లుగా బీపీ ఉన్నవాళ్లలో గుండెలో ఒళ్లంతటికీ రక్తం పంపే గది, అంటే ఎడమ జఠరిక గోడ మందమై, బిరుసెక్కి ఉండొచ్చు. రక్తం నింపుకోవడానికి సడలడమే దానికి కష్టం. అందుకే కొత్తలో లోతుగా దిగొద్దంటున్నాను. పట్టు వదలగానే కండరంలోకి రక్తం పొంగి నాళాలు విప్పుకుంటాయి. మనకు కావలసింది ఆ విప్పుకోవడం.

ఇక పని. వీపు గోడకు ఆనించి, పాదాలు ముందుకు జరిపి, మెల్లగా కిందికి జారండి. మోకాలు మడమకు సూటిగా పైన ఉండాలి, ముందుకు పోకూడదు. మన విశాఖ ఉక్కకు అరికాళ్లు చెమర్చి టైల్స్ మీద జారతాయి. రబ్బరు చాప వేసుకోండి. ఇప్పుడు "ఒకటి, రెండు" అని పైకి వినపడేలా లెక్కపెట్టండి. అంకె గొంతులో ఆగిందంటే ఊపిరి బిగబట్టారన్నమాట. బీపీ మరింత ఎగబాకేది అక్కడే. కాస్త పైకి జరిగి మళ్లీ లెక్క అందుకోండి. సిగ్గుపడొద్దు, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీండి.

మొదటి వారం అర నిమిషం చాలు. పోనుపోను 2 నిమిషాలు పట్టు, 2 నిమిషాలు విశ్రాంతి, అలా 4 సార్లు, వారానికి 3 రోజులు. లేవగానే కళ్లు తిరిగితే గోడ పట్టుకుని నిలబడండి. గుండెలో నొప్పి, విపరీతమైన ఆయాసం వస్తే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ 180/110 దాటితే ఈ పాఠం మీకు ఇప్పుడు కాదు. మాత్రలు ఎప్పటిలాగే వేసుకోవాలి.

వచ్చే పాఠానికి హోంవర్కు: వ్యాయామానికి ముందు, 5 నిమిషాలు కుదురుగా కూర్చుని చూసుకున్న బీపీని నోటుబుక్కులో రాసిపెట్టండి.