టెంపరేచర్ ముల్లు కదలడం లేదా? ముందు సెన్సర్ ఉందో లేదో చూడండి

మెహదీపట్నం ట్రాఫిక్‌లో అరగంట నిలబడినా మా పాత కారు టెంపరేచర్ ముల్లు ‘సి’ (కోల్డ్, అంటే చల్లన) దగ్గరే ఉండిపోయింది. మీటర్ పోయిందనుకుని మార్పించడానికి సిద్ధమయ్యాను. తీరా చూస్తే ఇంజన్ వేడిని మీటర్‌కి చెప్పే సెన్సరే లేదు. అది ఉండాల్సిన రంధ్రంలో ఎవరో ఇత్తడి బోల్టు బిగించి వదిలేశారు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తండి. రేడియేటర్ పైగొట్టం వెంట వెళ్తే చాలా కార్లలో థర్మోస్టాట్ హౌసింగ్ (కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే వాల్వు ఉండే గూడు) వస్తుంది. సెన్సర్ సాధారణంగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆరు పలకల ఇత్తడి తల, దాని మీద వైరు. నాకు కనిపించింది బోడి బోల్టు, దాని పక్కనే జిడ్డు పట్టి వేలాడుతున్న ఒంటి వైరు.

ఆ వైరు మీటర్‌దేనా అని తేల్చుకోవడం తేలిక. తాళం ఆన్ చేయండి, స్టార్ట్ చేయొద్దు. ఇంట్లో ఒకరిని మీటర్ వైపు చూడమని, వైరు కొసను ఇంజన్ లోహానికి రెండే సెకన్లు తాకించండి. ముల్లు ‘హెచ్’ (హాట్, అంటే వేడి) వైపు లేస్తే మీటరూ వైరూ బాగున్నట్టే, సెన్సర్ ఒక్కటి కొంటే చాలు. విడిభాగాల కోసం రాణీగంజ్ వెళ్లేటప్పుడు కారు మోడల్, సంవత్సరం రాసుకెళ్లండి. మరలు ఒకేలా కనిపించినా తేడా ఉంటుంది.

కనెక్టర్‌కి రెండు వైర్లుంటే మాత్రం ఇలా తాకించకండి. అవి సాధారణంగా ఇంజన్ కంప్యూటర్‌కి వెళ్లేవి, ఈ పరీక్ష వాటికి పనికిరాదు. అక్కడ మెకానిక్ చేత మల్టీమీటర్‌తో చూపించుకోవాల్సిందే.