అక్వేరియంలోకి తక్కువ ఖర్చులో మంచి ఇసుక ఎలా ఎంచుకోవాలి?

కొత్తగా ట్యాంక్ కొనేవాళ్లు గ్లాసుకీ ఫిల్టర్‌కీ లైట్‌కీ డబ్బంతా పెట్టేసి, చివర్లో అడుగున ఏం వేయాలి అని అడుగుతారు, షాపులో నీలం రాళ్లో తెల్ల రాళ్లో రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టేస్తారు. నాకు ఇచ్చినవి తెల్లటి మార్బుల్ చిప్స్, చూడ్డానికి భలే ఉన్నాయి. మాది బోరు నీళ్లు, బాగా హార్డ్, అంటే కాల్షియం లాంటివి ఎక్కువ, అందుకని మెత్తటి నీళ్లు కావాల్సిన టెట్రాలు అనే చిన్న చేపల కోసం సగం ఆర్వో నీళ్లు కలిపి పోసేవాడిని, ఎంత కలిపినా వారం తిరిగేసరికి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క) మళ్లీ పైకే. పాలరాయి అంటేనే కాల్షియం కార్బొనేట్ కదా, నేను పైనుంచి తగ్గిస్తుంటే అది కిందనుంచి కరిగి కలుస్తోందన్నమాట. ఈ సంగతి తెలిసేలోపు ఆరు టెట్రాలు పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే చెప్తున్నా, ఇసుకకి పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు, కానీ ట్యాంక్‌లో వేసేముందు ఒక వారం టైం మాత్రం పెట్టండి.

ముందు ఎంత కావాలో లెక్కేసుకోండి

ట్యాంక్ పొడవు, వెడల్పు, ఇసుక మందం మూడూ సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి, లీటరు ఇసుక సుమారు కిలోన్నర బరువు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంక్‌కి 4 సెంటీమీటర్ల మందం అంటే 60 × 30 × 4, దగ్గర దగ్గర 7 లీటర్లు, అంటే 11 కిలోలు. జల్లించి కడిగేటప్పుడు చాలా పోతుంది కాబట్టి 15 కిలోలు తెచ్చుకోండి. ఇంతా చేస్తే ఒక బకెట్టు ఇసుక, దానికోసం వేలు పోయాల్సిన పనే లేదు.

మన దగ్గర దొరికేవి ఏంటి, వాటిల్లో ఏది మంచిది

అన్నిటికంటే చవక నది ఇసుక. గోదావరిదైనా కృష్ణదైనా నీళ్లలో దొర్లి దొర్లి వచ్చింది కాబట్టి అంచులు కొంత అరిగి ఉంటాయి, రంగు కూడా సహజంగా ఉండి చేపలు బాగా కనిపిస్తాయి. ఇల్లు కట్టే చోట మేస్త్రీని అడిగితే ఒక బకెట్టు ఊరికే ఇస్తారు, లేదంటే ఇసుక, కంకర అమ్మే షాపులో ఒక సంచి తీసుకోండి. సైట్‌లో కుప్ప నుంచి తీసుకుంటే మాత్రం సిమెంట్ కలిపే చోటికి దూరంగా తీసుకోవాలి, కొంచెం సిమెంట్ పడినా పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) ఒక్కసారిగా పెరిగిపోతుంది. పైపైన కూడా వద్దు, కుక్కలూ పిల్లులూ అక్కడే తిరుగుతాయి, కాస్త లోపలికి తవ్వి తీయండి. సముద్రానికి దగ్గర్లో నది కలిసే చోటి ఇసుక అయితే ఉప్పూ గుల్లలూ ఉంటాయి, అది వదిలేయండి.

నది ఇసుక దొరకలేదని చాలామంది రోబో ఇసుక వేసేస్తుంటారు. అది రాయిని మెషిన్‌లో కొట్టి చేసింది, రేణువుల అంచులు పదునుగా ఉంటాయి, పొడి కూడా ఎక్కువ. కోరీలు, లోచ్‌లు లాంటి అడుగున తిరిగే చేపలు రోజంతా మూతి ఇసుకలో పెట్టి తవ్వుకుంటూ తింటాయి, వాటి మీసాలు చాలా సున్నితం, గరుకు ఇసుకలో వాటిని పెట్టడం అన్యాయం. అడుగు జోలికి రాని గప్పీలే ఉన్నాయంటే సర్దుకోవచ్చు, అయినా నేనైతే వేయను.

నన్నడిగితే బెస్ట్ ఫిల్టర్ ఇసుక. వాటర్ ప్లాంట్లలో, స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక ఇది, వాటర్ ట్రీట్‌మెంట్ సామాన్లు అమ్మే షాపుల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది. సైజు చూసి జల్లించే ఉంటుంది, నీళ్ల పీహెచ్‌ని కదిలించదు. అర మిల్లీమీటర్ నుంచి ఒక మిల్లీమీటర్ సైజు అడగండి. బస్తా మొత్తం ఒక్కరికి ఎక్కువే, ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి పంచుకుంటే అక్వేరియం ఇసుక అని ప్యాకెట్లలో అమ్మేదానికంటే చాలా తక్కువలో అయిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే ఇంకా సులువు, హార్డ్‌వేర్ స్టోర్లలో పూల్ ఫిల్టర్ ఇసుక, పిల్లల ప్లే శాండ్ 50 పౌండ్ల బస్తాల్లో ఉంటాయి, ప్లే శాండ్‌కి కడుగుడు మాత్రం ఎక్కువ.

బీచ్ ఇసుక వద్దు. భీమిలి వైపు నల్లగా మెరిసే ఇసుక చూసి ముచ్చటపడి సంచిలో పోసుకొచ్చేవాళ్లు ఉంటారు, ఆ నలుపు ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలది, దానితోపాటు ఉప్పు, గుల్లల ముక్కలు కూడా వచ్చేస్తాయి. గుల్లలూ కోరల్ ఇసుకా పనికొచ్చేది ఆఫ్రికాలోని మలావి సరస్సు చేపలైన సిక్లిడ్లు పెంచేవాళ్లకి, వాళ్లకి కావాల్సిందే ఎక్కువ పీహెచ్.

టెస్ట్ చేయకుండా వేయొద్దు

కడిగి ఆరబెట్టిన ఇసుక రెండు స్పూన్లు గ్లాసులో వేసి కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్ పోయండి, చెవి దగ్గర పెట్టుకుని వినండి, కళ్లు దగ్గరపెట్టి చూడండి. పోయగానే లోపలున్న గాలి రెండు మూడు బుడగలుగా వస్తుంది, అది కాదు, సన్నగా వరసగా నురగ వస్తూనే ఉంటే అందులో సున్నం, అంటే ఆ కాల్షియం కార్బొనేటే ఉన్నట్టు. వెనిగర్ బలం తక్కువ కాబట్టి కొంచెం సున్నం ఉంటే పట్టుబడకపోవచ్చు, అలాగని బాత్రూం యాసిడ్ జోలికి వెళ్లొద్దు, దాని పొగ కళ్లకీ ఊపిరికీ మంచిది కాదు.

నేను ఎక్కువ నమ్మేది రెండు సీసాల పద్ధతి. రెండు సీసాల్లోనూ ఆర్వో నీళ్లు పోసి ఒకదాంట్లో మాత్రం కడిగిన ఇసుక సగం దాకా వేసి మూతపెట్టి వారం ఉంచండి, తర్వాత టీడీఎస్ మీటర్ పెట్టి రెండూ చూడండి. ఇసుక ఉన్నదాంట్లో పది పదిహేను ఎక్కువుంటే ఫర్వాలేదు, యాభై అరవై పెరిగిందంటే ఆ ఇసుక మొక్కల కుండీలోకి పోనివ్వండి. బోరు నీళ్లతో ఈ టెస్ట్ చేస్తే ఉపయోగం లేదు, వాటిల్లో అప్పటికే కాల్షియం నిండా ఉంటుంది, ఇంకా కరగడానికి చోటుండదు, ఇసుక మంచిదే అనుకుని మోసపోతారు.

ఇంకోటి, అయస్కాంతాన్ని కవర్లో చుట్టి పొడి ఇసుకలో తిప్పండి. నల్ల రేణువులు అంటుకుంటే ఓపికగా ఏరేయండి, ఎందుకంటే పంపు లోపల తిరిగే ఇంపెల్లర్‌కి కూడా అయస్కాంతమే ఉంటుంది, ఇవి వెళ్లి దానికి పట్టుకుని అరగదీస్తాయి.

జల్లించడం, కడగడం

దోమల మెష్ ముక్కలో ముందు జల్లించి పైన మిగిలిన రాళ్లు, గుల్లలు పారేయండి, తర్వాత పిండి జల్లెడలో వేసి కిందికి దిగిన మెత్తటి పొడి తీసేయండి, మధ్యలో మిగిలిందే మనకి కావాల్సింది. తడిపి జల్లిస్తేనే మంచిది, పొడిగా చేస్తే మాస్క్ ఉండాల్సిందే, ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. బకెట్లో ఒక్కసారి రెండు కిలోలకి మించి వేయకండి, పైపు పెట్టి చేత్తో అడుగుదాకా కలియబెట్టి మురికి నీళ్లు వంచేయండి, పదిసార్లో పదిహేనుసార్లో, నీళ్లు తేటగా వచ్చేదాకా. సబ్బు వద్దు. ఆ నీళ్లు సింకులో పోయొద్దు, పైపులో ఇసుక పేరుకుని జామ్ అవుతుంది, మొక్కలకి పోసేయండి.

ట్యాంక్‌లో వేసేటప్పుడు

వెనక 5 సెంటీమీటర్లు, ముందు 3 ఉండేలా వాలుగా పరవండి. పెద్ద బండరాళ్లు పెట్టేదుంటే ముందు అవి గ్లాసు మీద నిలబెట్టి చుట్టూ ఇసుక పోయండి, లేకపోతే చేపలు కింద తవ్వితే రాయి ఒరిగిపోతుంది. ఇసుక మీద ఒక ప్లేటు బోర్లించి దానిమీద సన్నగా నీళ్లు పోయండి, ఫిల్టర్ మాత్రం నీళ్లు తేరుకున్నాకే ఆన్ చేయాలి, ఆ రాత్రికి అలా వదిలేస్తే తెల్లారేసరికి తేటపడుతుంది.

ఇసుకలో బలమేం ఉండదు, వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ లాంటి వేళ్లతో తినే మొక్కలకి వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) గుచ్చాలి. మందం ఎక్కువేస్తే ఇసుక గట్టిపడి లోపలికి గాలి ఆడక నల్ల మచ్చలు, కుళ్లిన గుడ్డు వాసన వస్తాయి, అందుకే వారానికోసారి చాప్‌స్టిక్‌తోనో పుల్లతోనో పైన ఒక సెంటీమీటర్ మెల్లగా కదపండి, మొక్కల వేళ్లున్న చోట వదిలేయండి. చెత్త తీసేటప్పుడు సైఫన్ పైపు ఇసుకలో గుచ్చకుండా రెండు సెంటీమీటర్లు పైన తిప్పితే చాలు, మట్టి తేలికగా లేచి పైపులోకి వెళ్తుంది, ఇసుక కిందే ఉంటుంది.