వాదించే వ్యాసాల కోసం లైబ్రరీ ఆన్‌లైన్ డేటాబేస్‌లలో వెతికేముందు జాగ్రత్తలు

అంశాన్ని ప్రశ్నగా మార్చుకున్నాకే కూర్చోండి. "సెల్‌ఫోన్లు" అని వెతికితే వార్తలు, సర్వేలు కుప్పలుగా వచ్చిపడతాయి. "తరగతిలో సెల్‌ఫోన్ నిషేధించాలా?" అనుకుంటే ఏం వెతకాలో మీకే తెలుస్తుంది.

• పర్యాయపదాలు ముందే కాగితం మీద రాసుకోండి: నిషేధం, ఆంక్ష, కట్టడి. వెతికేచోట వీటి మధ్య 'ఆర్' (OR, ఏ ఒక్కటున్నా చాలు) పెట్టాలి, 'యాండ్' (AND) కాదు. 'యాండ్' పెడితే మూడు మాటలూ ఉన్న వ్యాసాలే వస్తాయి, అంటే దాదాపు ఏమీ రావు.

• 'పీర్ రివ్యూడ్' (తోటి నిపుణులు పరిశీలించిన పరిశోధన వ్యాసాలు మాత్రమే) టిక్కు తీసేశారా? చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అది ఉంటే పత్రికల సంపాదకీయాలు, అభిప్రాయ వ్యాసాలు మాయం. ప్రోక్వెస్ట్ అనే డేటాబేస్‌లో అయితే డాక్యుమెంట్ రకం దగ్గర ఎడిటోరియల్, కామెంటరీ ఎంచుకోవచ్చు.

• తాజా వివాదమైతే పరిశోధన జర్నళ్లుండే జేస్టోర్ డేటాబేస్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అందులో చాలా జర్నళ్లకు చివరి 3 నుంచి 5 ఏళ్ల సంచికలు దొరకవు.

• శీర్షిక చూసి దించుకోవద్దు. మొదటి పేరా, చివరి పేరా చదవండి. "అధికారులు తెలిపారు" అని సాగితే వార్త. "ఇకనైనా మానుకోవాలి" అంటే వాదన. శీర్షికలో ప్రశ్నార్థకం ఉండి లోపల ఏ పక్షమూ తీసుకోని వ్యాసాలూ ఉంటాయి, నాకైతే అవే ఎక్కువ విసుగు.

• రాసినవారికి ఆ విషయంలో లాభనష్టాలున్నాయా?

• ఎదుటి పక్షం వ్యాసం ఒక్కటైనా తీసుకోండి.

• బ్రౌజర్ పైన కనిపించే లింకు దాచుకుంటే మర్నాటికి తెరుచుకోకపోవచ్చు. 'పర్మాలింక్' (మారకుండా ఉండే లింకు) కాపీ చేసుకోండి.