‘థ’లోని చుక్క కనిపిస్తోందా: కెమెరా చిత్ర నాణ్యతను ఇంట్లోనే పరీక్షించే పద్ధతి

లెన్సులు మార్చుకునే కెమెరాను కొత్తగా కొన్నవారిలో చాలామంది మొదటి వారంలోనే ఒక ఫోటోను కంప్యూటర్ తెరపై వంద శాతానికి పెంచి చూసి, నాయిస్ (ఇసుక చల్లినట్లు ఉండే గరుకు) కనబడగానే డబ్బు వృథా అయిందేమోనని దిగులు పడతారు. ఆ ఒక్క ఫోటోలో సెన్సర్ సామర్థ్యం, లెన్సు పదును, చేతి వణుకు, ఆ పూట వెలుతురు, జేపెగ్ (కెమెరా సిద్ధం చేసి ఇచ్చే ఫోటో ఫైలు) తయారీలో కెమెరా తనంతట తాను చేసిన సవరణలు అన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి, దాన్నిబట్టి దేన్నీ తప్పుపట్టలేము. పరీక్ష అంటే వీటిని విడదీయడమే. ఒకదాన్ని మారుస్తున్నంతసేపు మిగతావాటిని కదలనివ్వకూడదు. ఉదాహరణగా 2022 నవంబరులో వచ్చిన ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5ను తీసుకుంటున్నాను. 40 మెగాపిక్సెళ్ళ ఏపీఎస్-సీ అనే కొలత సెన్సర్ ఉన్న ఈ కెమెరాను, అంతకుముందరి 26 మెగాపిక్సెళ్ళ ఎక్స్-టీ4తో పోల్చి చూస్తే చాలా సంగతులు బోధపడతాయి. పద్ధతి మాత్రం ఏ కంపెనీ కెమెరాకైనా ఒకటే.

దీనికోసం టెస్ట్ చార్టులు కొనవలసిన పని లేదు. గోడకు దినపత్రికలోని చిన్న ప్రకటనల పేజీని ముడతలు లేకుండా అతికించి, పక్కనే జరీ అంచు కనబడేలా ఒక గద్వాల చీరను వేలాడదీసి, కింద మూత తీసిన కుంకుమ భరిణెను, నాలుగు బంతిపూలను, ఒక నల్ల గొడుగును పెడితే చాలు. జరీ నేత మోయిరే చారలను (సన్నని నేత మీద లేకపోయినా ఫోటోలో కనబడే చారలు) బయటపెడుతుంది, కుంకుమా బంతిపూలూ రంగును, గొడుగు గుడ్డ నీడలను పరీక్షిస్తాయి. సూక్ష్మ వివరం సంగతి అక్షరాలు చెబుతాయి. ఈ పనికి తెలుగు లిపి ఎంతో అనువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ‘థ’కూ ‘ధ’కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. అతి తక్కువ ఐఎస్ఓలో (వెలుతురుకు కెమెరా స్పందనను నిర్ణయించే అంకె) తీసిన ఫోటోను వంద శాతానికి పెంచినప్పుడు ఆ చుక్క కనబడీ కనబడనట్లు ఉండేంత దూరానికి ట్రైపాడ్‌ను వెనక్కి జరపండి. ఆ చుక్కే ఇకపై మీ కొలబద్ద.

వెలుతురు కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురే కావాలి. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా ఎల్ఈడీ దీపాల వెలుగు సెకనుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది; షట్టర్ వేగం పెరిగేకొద్దీ ఒక ఫోటో ముదురుగా, మరొకటి లేతగా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తుంది. ఆ తేడాను కెమెరాకు అంటగట్టడం అన్యాయం. మబ్బులు పరుగెత్తని పూట చూసుకుని పది నిమిషాల్లో పని ముగించండి. ట్రైపాడ్ వాడినా రెండు సెకన్ల టైమర్ పెట్టండి, ఎలక్ట్రానిక్ ఫ్రంట్ కర్టెన్ షట్టర్‌ను (షట్టర్ కుదుపును తగ్గించే రకం) ఎంచుకోండి, స్టెబిలైజేషన్‌ను (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఆపేయండి, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి అక్షరాల మీద ఒక్కసారి ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చేయండి. ఫ్యాను కూడా ఆపండి. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు తక్కువ ఐఎస్ఓ ఫోటోల్లో జరీ మసకగానూ, ఎక్కువ ఐఎస్ఓ ఫోటోల్లో పదునుగానూ రావడం చూసి రెండు రోజులు తల పట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, పైన తిరుగుతున్న ఫ్యాను గాలికి చీర ఊగుతోంది, పావు సెకను షట్టర్‌కు ఆ ఊపు పట్టుబడుతోంది, నాలుగు వందలో వంతు సెకనుకు పట్టుబడటం లేదు.

రా (సెన్సర్ నమోదు చేసింది సవరణలు లేకుండా ఉండే ఫైలు), జేపెగ్ రెండూ భద్రమయ్యేలా పెట్టి, వైట్ బ్యాలెన్స్‌ను ఆటో నుంచి తప్పించి పగటి వెలుతురుకు మార్చండి. ఫిల్మ్ సిమ్యులేషన్లలో (ఫిల్ము రంగులను అనుకరించే సెట్టింగులు) ప్రామాణికమైన ప్రోవియాను ఉంచండి. ఎక్స్-టీ5లో డైనమిక్ రేంజ్ సెట్టింగును (మరీ వెలుగున్న చోట్ల వివరం పోకుండా కాపాడేది) తప్పనిసరిగా డీఆర్100లో పెట్టాలి. డీఆర్400 అయితే కెమెరా ఐఎస్ఓ 500 కంటే కిందికి దిగనివ్వదు. పైగా లోపల ఎక్స్‌పోజర్‌ను తగ్గించి జేపెగ్‌లో నీడలను పైకి లేపుతుంది కాబట్టి మీరు కొలుస్తున్నది ఒకటి, కొలుస్తున్నాననుకునేది మరొకటి అవుతుంది.

ఇప్పుడు అపర్చర్‌ను (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్5.6 దగ్గర స్థిరపరచి, ఐఎస్ఓ 125తో మొదలుపెట్టి 400, 800, 1600, 3200, 6400, 12800 వరకు వెళ్ళండి. ఐఎస్ఓ పెరిగినంత మేరకు షట్టర్ వేగాన్నీ పెంచాలి. మొదటి ఫోటో పావు సెకను తీసుకుంటే చివరిది నాలుగు వందలో వంతు సెకనుకు వస్తుంది, అంటే సెన్సర్‌పై పడే వెలుతురు వంద రెట్లు తగ్గుతుంది. నాయిస్‌కు అసలు కారణం ఆ లేమి. కాంతి కణాలు ఒక పిక్సెల్‌పై సమంగా పడవు, వానచినుకుల్లా పడతాయి. పదివేల కణాలు చేరిన చోట హెచ్చుతగ్గు సుమారు వంద, అంటే ఒక శాతం. వంద కణాలే చేరిన చోట అది పది, అంటే పది శాతం. ఐఎస్ఓ అంకె పెంచినందువల్ల నాయిస్ పుడుతుందనే మాటలో సగమే నిజం. రెండు కంపెనీల కెమెరాలను పోల్చేటప్పుడు ఐఎస్ఓ అంకెలు సమానమైతే సరిపోదు, ఆ అంకెను నిర్ణయించడంలో కంపెనీలకు కొంత వెసులుబాటు ఉంది కాబట్టి అపర్చర్, షట్టర్ వేగం సమానంగా ఉన్నాయో లేదో చూడాలి.

ఫలితాన్ని ముందు జేపెగ్‌లో చూడండి. ఏదో ఒక ఐఎస్ఓ దగ్గర గోడ నున్నగా, శుభ్రంగా కనబడుతూనే ఉంటుంది గాని ‘థ’లోని చుక్క మాయమై ‘ధ’ అయిపోతుంది. నాయిస్‌ను తుడిచే ప్రక్రియ చుక్కను కూడా నాయిస్ అనుకుని తుడిచేసిందన్నమాట. అదే ఐఎస్ఓలోని రా ఫైలును నాయిస్ తగ్గింపు సున్నా చేసి తెరిస్తే, గరుకు మధ్య చుక్క ఇంకా మిగిలే ఉండవచ్చు. అలా మిగిలితే లోపం సెన్సర్‌ది కాదు, జేపెగ్ సెట్టింగుది. మెనూలో నాయిస్ తగ్గింపును మైనస్ వైపు జరిపితే తీరుతుంది. రా ఫైలులోనూ చుక్క పోయిన చోటే అసలు హద్దు. రా సాఫ్ట్‌వేర్లు చాలావరకు మనం అడగకుండానే కొంత రంగు నాయిస్‌ను తగ్గించి, కొంత పదును పెట్టి చూపిస్తాయని గుర్తుంచుకుని, రెంటినీ సున్నాకు తెచ్చాకే తీర్పు చెప్పండి.

రెండు వేర్వేరు మెగాపిక్సెళ్ళ కెమెరాలను వంద శాతం దగ్గర పోల్చడం అందరూ చేసే పొరపాటు. ఎక్స్-టీ5 ఫోటో 7728 × 5152 పిక్సెళ్ళు, ఎక్స్-టీ4 ఫోటో 6240 × 4160. సెన్సర్ వైశాల్యం ఒకటే కాబట్టి కొత్తదాని పిక్సెల్ చిన్నది, వంద శాతం దగ్గర నాయిస్ ఎక్కువగా కనబడటం సహజం. రెండు ఫోటోలనూ ఒకే కొలతకు కుదించాక ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. మెగాపిక్సెళ్ళు యాభై శాతానికి పైగా పెరిగినా, వెడల్పులో పెరిగింది సుమారు 24 శాతమే. పెళ్ళి ఆల్బమ్ లెక్కలో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. మన స్టూడియోలు ఇచ్చే 12 × 36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12 × 18 అంగుళాలు. అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున దానికి 5400 × 3600 చాలు, అంటే పాత కెమెరాకూ మిగులే. ఒకే ఫోటోను రెండు పేజీలకూ పరిచినప్పుడు మాత్రం అంగుళానికి ఎక్స్-టీ4 ఇచ్చేది 173, ఎక్స్-టీ5 ఇచ్చేది 215. తేడా తెలిసేది అక్కడే.

నీడల పరీక్షకు ఐఎస్ఓ 125లోనే ఒక ఫోటో సరైన ఎక్స్‌పోజర్‌తో, మరొకటి ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తక్కువగా తీసి, రెండోదాన్ని రా సాఫ్ట్‌వేర్‌లో ఐదు స్టాపులు పైకి లేపండి. గొడుగు గుడ్డపై గరుకు కనబడటం తప్పదు, దానికి కంగారు పడనక్కరలేదు. అడ్డగీతలు కనబడినా, నలుపు ఊదా రంగుకు తిరిగినా, గుడ్డ మడత పూర్తిగా కలిసిపోయినా నీడలను అంత దూరం లాగకూడదని అర్థం.

రంగు విషయంలో మనవాళ్ళకు ఎదురయ్యే చిక్కు ఎరుపుతోనే. భరిణెలోని కుంకుమ గుట్టగా, రేణువులతో ఉండవలసింది పోయి ఎర్రని అట్టముక్కను కత్తిరించి అతికించినట్లు వస్తే ఎరుపు చానల్ నిండిపోయిందన్నమాట. వెలుతురును మాత్రమే చూపే హిస్టోగ్రామ్ (కెమెరా తెరపై వచ్చే గ్రాఫు) దీన్ని పట్టుకోదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా చూపేదాన్ని తెరవాలి. ఆ హిస్టోగ్రామ్ జేపెగ్‌ను అనుసరించేది కాబట్టి రా ఫైలులో రేణువులు భద్రంగా ఉండే అవకాశం ఉంది. వాటిని తిరిగి తేగలిగితే సెన్సర్ నిర్దోషి.

జరీ సంగతి కొంచెం వేరు. ఫ్యూజీ ఎక్స్-ట్రాన్స్ అమరికలో 6 × 6 గడిలోని 36 పిక్సెళ్ళలో 20 ఆకుపచ్చవి, ఎరుపూ నీలం చెరి ఎనిమిది. రంగుల చారలు రాకుండా ఉండేందుకే ఈ క్రమం తప్పిన కూర్పు. అయితే కొన్ని రా సాఫ్ట్‌వేర్లలో పదును ఎక్కువ పెడితే నేత మీద సన్నని పురుగులు పాకినట్లు కనబడుతుంది. అలా కనబడితే కెమెరాను నిందించే ముందు మరో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి.

చివరిది లెన్సు పరీక్ష. నా అనుభవంలో సెన్సర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా నిజానికి లెన్సుదే. 2022లో ఈ సెన్సర్‌కు పూర్తిగా సరితూగే లెన్సులంటూ ఫ్యూజీ ఇచ్చిన జాబితాలో 18-55 మి.మీ. జూమ్ లెన్సు లేదు, అయినా ఎక్స్-టీ5ను ఆ లెన్సుతో కిట్‌గానూ అమ్మింది. పొద్దున్నే, ఎండ ముదరకముందే మేడ ఎక్కండి. వేసవిలో తొమ్మిది దాటితే వేడిగాలి తెరలు ఎంత మంచి లెన్సునైనా మసకబారుస్తాయి. దూరంగా ఉన్న ఒక సెల్ టవర్‌ను మధ్యలో పెట్టి ఫోకస్ చేసి, ఫోకస్‌ను కదపకుండా అదే టవర్‌ను నాలుగు మూలలకూ తెచ్చి నాలుగు ఫోటోలు తీయండి. ఇదంతా మొదట లెన్సు పూర్తిగా తెరిచి, తర్వాత ఎఫ్8లో చేయాలి. ఎఫ్11 దాటితే ఇంత చిన్న పిక్సెళ్ళ మీద డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదరడం) వల్ల ఫోటో అంతా మెత్తబడుతుంది, అది ఏ లెన్సుకైనా తప్పదు. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉండి ఎఫ్8లో తేరుకుంటే అది ఆ లెన్సు రూపకల్పనలోనే ఉన్న గుణం. మూడు మూలలు పదునుగా ఉండి ఒక్కటి మాత్రం ఎఫ్8లోనూ మసకగా మిగిలితే లోపల గాజు పక్కకు ఒరిగి ఉండే అవకాశం ఎక్కువ. మరో పొద్దున మళ్ళీ తీసినా అదే మూల మసకగా వస్తే, నాలుగు ఫోటోలనూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మార్పిడి గడువు ముగిసేలోపు దుకాణానికి వెళ్ళి ఆ లెన్సును మార్చి ఇమ్మని అడగండి.