జీతం ఖాతాను యూపీఐకి కలపకండి

విశాఖ పూర్ణా మార్కెట్‌లో కొత్తిమీర కట్టకీ, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్‌కీ ఇప్పుడు స్కానింగే. చిల్లర గొడవ లేదు, హాయే. కానీ జీతం పడే ఖాతాను యూపీఐకి కలపకండి. వేరే సేవింగ్స్ ఖాతా పెట్టుకుని, వారానికి సరిపడా రెండు మూడు వేలు అందులో వేసుకోండి. పోయినా అంతవరకే.

స్కాన్ చేశాక, పిన్ కొట్టేముందు తెర మీద వచ్చిన పేరు చదవండి. కొట్టు పేరు కాకుండా ఓనరు పేరు రావచ్చు. ‘ఈ పేరు మీదేనాండీ?’ అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అసలు కోడ్ మీద తమ స్టిక్కర్ అంటించే ఘనులున్నారు మరి!

డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు. కొట్టమంటే మోసమే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ, బ్యాంకుకీ ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే ఈలోపు అది నాలుగు ఖాతాలు మారిపోతుంది.