మాఘంలో మబ్బు పట్టినప్పుడు మిర్చి కల్లాన్ని కాపాడుకోవడం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో ఎకరమో రెండెకరాలో మిరప వేసే కుటుంబానికి ఏడాది కష్టమంతా చివరి పది, పదిహేను రోజులు కల్లంలోనే ఉంటుంది. అక్కడ ఆరబోసిన కాయ ఒక్కసారి బాగా తడిసిందంటే రంగు పోయి తాలుగా మారుతుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపానుకు రోజుల ముందే పేరూ దారీ తెలుస్తాయి. మాఘ, ఫాల్గుణాల్లో సాయంత్రం పట్టే మబ్బుకు ఆ రెండూ ఉండవు.

అందువల్ల మొదటి జాగ్రత్త కోతతోనే మొదలవుతుంది. కూలీలు దొరికారు కదా అని చేనంతా ఒకేసారి కోయించడం కంటే, ఇంట్లో ఉన్న టార్పాలిన్ పట్టాలు ఎంత కాయను కప్పగలవో లెక్క చూసుకుని అంతవరకే కోయించడం మేలు. వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ సలహాను చూశాకే కూలీలకు కబురు పెట్టాలి.

కల్లానికి మెరక స్థలం ఎంచుకుని, నడుమ కాస్త ఎత్తుగా ఉండేలా దిమ్మిస కొట్టి, చుట్టూ నీరు పోయే గాడి తీయాలి. కాయను నేల మీద కాకుండా పట్టా మీద, పైన కప్పే పట్టా వెడల్పుకు లోబడి పొడవాటి వరుసలుగా పోయాలి. అలా పోస్తే చినుకు మొదలవగానే ఇద్దరు మనుషులు రెండు వైపుల నుంచీ లాగి, ఇంటి కప్పులా వాలుగా రాశి చేసి కప్పేయగలరు. అంచుల మీద రాళ్లు పెడితే పట్టా చిరుగుతుంది కనుక ఇసుక సంచులు పెట్టాలి.

కప్పడం కంటే తీయడంలోనే ఎక్కువమంది పొరపాటు పడతారు. సగం ఆరిన కాయ పట్టా కింద ఆవిరి పట్టి, వానకు తడవకపోయినా పాడవుతుంది. మా ఇంట్లో పెద్దాయన వాన వెలిసిన అరగంటకే పట్టా అంచు ఎత్తి, మోచేతి దాకా రాశిలో చెయ్యి పెట్టి చూసేవారు. వెచ్చగా తగిలితే అర్ధరాత్రయినా సరే అందరినీ లేపి కాయను కదిపించేవారు. తడిసిన కాయను మాత్రం పొడి కాయలో కలపకుండా వసారాలో పలుచగా పరిచి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి.

తేమ 10, 11 శాతానికి దిగిన కాయను చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటాయి. టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కేటప్పుడు చిట్లిపోతోందని దాని మీద నీళ్లు చల్లడం మన దగ్గర పాత అలవాటే గాని, ఆ తడికే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. తెల్లవారుజామున మంచుకు కాయ కాస్త మెత్తబడినప్పుడు టిక్కీలకు ఎత్తుకుంటే నీళ్లతో పని ఉండదు. తాలును, తడిసి ఆరిన కాయను వేరే టిక్కీలకు ఎత్తి గుర్తు పెట్టుకోవాలి. మార్కెట్ యార్డులో మచ్చు తీసినప్పుడు అలాంటి కాయ నాలుగు కనిపించినా లాటు మొత్తానికీ ధర తగ్గించి అడుగుతారు.